మన్నించినానని ఒక్క మాట

పలమనేరు దాటినాక బెంగుళూరు రోడ్డు పక్కనే గంగులమ్మ ఇల్లు. ఇంటి ముందు బీన్స్ తోట, అందులో సగం నేలమట్టం. నెల కిందట టమేటా లారీ పల్టీ కొట్టింది ఆ తోటలోనే. లారీ తోలిన షానవాజ్ బాక్సుల కింద పడి చచ్చిపోయాడు. అతని పెళ్ళాం నిలోఫర్ ఈ మధ్యాహ్నం చిత్తూరు నుంచి బస్సెక్కి వచ్చి, చాప మీద కూర్చుని ఒకటే మాట అడుగుతోంది. గంగులమ్మ ఆ ఒక్క మాట తప్ప లోకంలో ఉన్న మాటలన్నీ మాట్లాడుతోంది. ఇదేం చోద్యమో ఆమె మొగుడు శాంతయ్యకు అంతుపట్టడం లేదు.

"ముందు మజ్జిగ తాగు తల్లీ. ఎండన పడి వచ్చినావు."

"తాగతానక్కా. ఆ మాట చెప్పేస్తే తాగతా."

"ఉప్పు చాలకుంటే చెప్పు, ఇంగ రోంత ఏస్తా."

"ఇంకా తాగనే లేదు గదక్కా. ఉప్పు సంగతి ఎట్ల తెలస్తాది?"

"ఏమే గంగులూ! ఆ పాప ఏమడగతా ఉండాది, నువ్వేం చెప్తా ఉండావు? మన్నించినానని అనవే. నోట్లో ముత్యాలేమన్నా రాలిపోతాయా?"

"నువ్వు రోంచేపు ఊరికే ఉండయ్యా. తల్లీ, బిడ్డలెంతమంది నీకి?"

"ఒగటే పాపక్కా. మా అమ్మ దగ్గర ఇడిసిపెట్టి వచ్చినా. అక్కా, మళ్ళీ చెప్తా ఇను. మా వాళ్ళల్లో ఇదొకటి ఉండాది. మనిషి పోయినాక, నలభయ్యో దినం ఫాతెహా చేసే లోపల, ఆ మనిషి వల్ల ఎవరికన్నా కష్టమో నష్టమో జరిగుంటే వాళ్ళ ఇండ్లకి పోవాల. మాఫ్ చేసినామని వాళ్ళ నోటితో అనిపించుకోవాల. దేవుడికి చేసిన తప్పైతే దేవుడు మన్నిస్తాడంట. మనిషికి చేసింది ఆ మనిషే మన్నించాలంట. లేకపోతే ఆయనకి ఆడ నెమ్మది ఉండదు."

"మంచి పద్ధతే. ఎంత మంచి పద్ధతి."

"అందరిండ్లకీ పోయినానక్కా. ఆయనతో కొట్లాడి పనిడిసిపెట్టిన క్లీనరు మాఫ్ చేసినాడు. మా ఆడబిడ్డ కూడా చేసింది. ఆమె ఎవర్నీ మన్నించే మనిషి కాదు, ఆమె కూడా ఏడ్చి అన్నింది. నీ ఇల్లొకటే మిగిలింది. నీ తోట మీద పడి నాశనం చేసినాడు గదా."

"తోట యాడికి పోతాది తల్లీ. మళ్ళీ మొలస్తాది."

"మొలస్తాది అంటే మన్నించినట్లు కాదక్కా."

"నేను చెప్తా పాపా. తోట నా పేర్న ఉండాది. నేను మన్నించినాను. మనస్ఫూర్తిగా అంటా ఉండా. అయిపాయె గదా?"

"నీది అయిపాయె అన్నా, నీకి పుణ్యముంటాది. కానీ విత్తనం ఏసింది, నీళ్ళు కట్టింది, కట్టెలు నాటింది అక్క అని నువ్వే అంటివి గదా ఇందాక. అక్క కూడా అనాల."

"అను గంగులూ."

"పొయ్యి మీద అన్నం మాడతా ఉండాదేమో సూసొస్తా."

"పొయ్యి ఆర్పి చానాసేపాయె. కూర్చో. ఏందే నీ వాలకం?"

"కోపముంటే తిట్టక్కా, నేను పడతా. నిద్దర్లో తోలినాడని మా వాళ్ళే అంటా ఉండారు. నిజంగానే నిద్దర పట్టిందేమో ఆయనకి. పండగ పూట కూడా ఇంట్లో ఒళ్ళు వాల్చి ఎరగడు. తిట్టేసి, ఆ మాట అనెయ్యి."

"కోపమా! నీ మొగుడి మీద నాకి కోపమా! అయ్యో దేవుడా, ఎంత మాటన్నావు తల్లీ."

"మరింకేందక్కా?"

"ఏమీ లేదు. మజ్జిగ తాగు."

"నిన్ను చూడాలనే ఇంత దూరం వచ్చినానక్కా. మా బంధువులు వద్దన్నారు, ఆ తావుకి పోవద్దు, తట్టుకోలేవు అన్నారు. నేనే వచ్చినా. ఆ పొద్దు ఎవురో తీసి ఫోన్లలో తిప్పతా ఉండే ఆ వీడియో చూడని దినం లేదు. జనమంతా బాక్సులు ఎత్తుకోని పరిగెత్తతా ఉంటే, నువ్వొక్కదానివి బీన్స్ కట్టె పట్టుకోని అడ్డం నిలబడినావు. ఎవురి చెమటో అది, ముట్టద్దండి అని అరిచినావు."

"అది నీకి యాడ ఇనబడింది? దానికి ఎవురో పాటేసినారు గదా."

"వినబడలేదక్కా. పాటే వస్తాది. నీ నోరు చూస్తే తెలస్తాది ఏమంటా ఉండావో. లోకమంతా దొంగలే అనిపిస్తే నిన్ను చూసుకుంటా. ఆడ ఒగ మనిషి ఉండింది అనుకుంటా."

"సంతలో పోతా ఉంటే, అదిగో కట్టె గంగులమ్మ మొగుడు అంటారు పాపా నన్ను! ఊర్లో పెద్దలు పిలిచి శాలువా గూడా కప్పినారు. ఈమేం చేసిందో తెలుసా? ఆ శాలువా తీసకపోయి బర్రెకి కప్పేసింది."

"ఆ ఊసెత్తద్దని ఎన్నిసార్లు చెప్పల్లయ్యా నీకి?"

"ఎందుకెత్తకూడదు? దొంగతనమా చేసినావు? రంకా చేసినావు?"

"అక్కా, ఒగసారి నీ కాళ్ళకి దండం పెట్టనీ."

"ముట్టద్దు! నా కాళ్ళు ముట్టద్దు!"

"మేము ముట్టకూడదా అక్కా?"

"అయ్యో, అది గాదు తల్లీ. అది గాదు. నీ చెయ్యి తగిలేంత మంచి కాళ్ళు గావివి. కూర్చో. నా మీద ఒట్టు, కూర్చో."

"నువ్వట్ల అంటావు. మంచోళ్ళంతా అట్లే అంటారు. చెడ్డోళ్ళకేమో సిగ్గుండదు. ఆ వీడియోలో ఇంకొకడు ఉండాడు, ఎర్ర బనీను వాడు..."

"వాడి మాట వద్దు."

"వాడ్ని మాత్రం నేను మాఫ్ చెయ్యనక్కా. మిగిలినోళ్ళు నువ్వు కట్టె ఎత్తితేనే పారిపోయినారు. వాడు పోడు. బాక్సుల సందులో చెయ్యి దూర్చి, అరస్తా, పోనే పోడు. నువ్వు ఒగటేస్తే కూడా చెయ్యి తియ్యడు. ఆ బాక్సుల కింద మా ఆయన చచ్చి పడుండాడు, పైన వాడికి టమేటాలు గావాల్సి వచ్చినాయి."

"పాపా, ఒగ మాట. నీ మొగుడు కింద ఉండాడని ఎవురికీ తెలీదు. లారీ పల్టీ కొడితే డ్రైవరు పారిపోతాడు గదా, జనం పట్టుకోని కొడతారని. అట్లే పారిపోయినాడు అనుకున్నారు అందరూ. సాయంత్రం క్రేను వచ్చి ఎత్తినాక గదా తెలిసింది."

"తెలిసినా తెలియకపోయినా వాడు చేసింది దొంగతనమే అన్నా. నమాజు చేసినప్పుడల్లా అడుక్కుంటా, ఆ చెయ్యి పడిపోవాలని."

"అట్ల అనొద్దు తల్లీ."

"నీ మొర ఇన్నాడు పాపా దేవుడు! దేవరాజులని వాడి పేరు. రెండెముకలు ఇరిగినాయి, కట్టు కట్టించుకోని కూర్చుండాడు. కుడి చెయ్యే. మా గంగులు దెబ్బంటే ఏమనుకున్నావు?"

"ఆపయ్యా!"

"ఏంది ఆపేది? వాడు దొంగా కాదా? ఒగ పొద్దు సంతలో పాము, పాము అని అరిచి, జనం ఇడిసిపెట్టి పరిగెత్తితే కోళ్ళు చంకన పెట్టుకోని పోయినాడు. అంతకు ముందు గుడి పళ్ళెంలో చిల్లర ఎత్తుకున్నాడు. వాడి నోట్లో నుంచి నిజం వచ్చింది ఎవురన్నా ఇన్నారా?"

"ఆ మాటే. ఎవురూ ఇనలా. అదే మాట."

"ఇంగొగ ఇడ్డూరం చెప్తా ఇను పాపా. అట్లాంటోడికి ఈమె దినమ్మూ కేరియర్ తీసకపోతాది. కలిపి ముద్దలు చేసి వాడి నోట్లో పెడతాదంట! వాడి పెండ్లాం రూతు చెప్తే నేను నమ్మలా. పోయి కండ్లారా సూసినా."

"రూతు కూలికి పోతాది గదయ్యా. వాడు ఎడం చేత్తో ఎట్ల తింటాడు?"

"తినకపోతే పస్తుంటాడు! నీకేం పట్టింది?"

"అక్కా. అన్న చెప్పేది నిజమా?"

"నిజమే తల్లీ."

"వాడికా? నోట్లో పెడతావా?"

"ఊ."

"మా ఆయన పీనుగ మీద ఎక్కి దొంగతనం చేసినోడికి నువ్వు అన్నం కలిపి పెడతావు. బతికుండే దొంగని మన్నించేదానికి నీకి మనసొచ్చింది. చచ్చిపోయినోడ్ని మన్నించేదానికి నోరు రాలేదు. ఏం పాపం చేసినాడక్కా మా ఆయన? చెప్పు. నీ బీన్స్ చెట్ల మీద పడి చచ్చిపోయినాడు, అంతే గదా? ఇంకేమన్నా చేసినాడా?"

"ఏమీ చెయ్యలా. నీ మొగుడు ఏ పాపమూ చెయ్యలా తల్లీ. ఏడవద్దు. నువ్వట్ల ఏడిస్తే నేను ఈ నేలలో దిగిపోతా."

"సూసినావా గంగులూ, కడుపులో బాధతో వచ్చిన పిల్లని ఏడిపించినావు. నువ్వు మనిసివా? ఆ ముక్క అని పంపిచ్చు."

"అనలేనయ్యా. మన్నించేదానికి నేనెవురు?"

"పోనీలే అన్నా. నేను పోతా. బస్సుకి టైమాయె. నాకి ఒగటే ధైర్యముండాది, అది పట్టుకోని బతికేస్తా. అప్పుడికప్పుడే పోయినాడు, నొప్పి తెలిసుండదు అని అందరూ చెప్పినారు. నిద్దర పట్టకుంటే ఆ మాటే చెప్పుకుంటా. మా పాపకి కూడా అదే చెప్పినా, మీ నాయన నిద్దర్లోనే పోయినాడు, భయపడలేదు అని."

"అవును పాపా. ఆ బరువు మీద పడితే ఇంగేముంటాది? గుటుక్కున పోయుంటాడు. ఏం గంగులూ? ఆ మాటన్నా చెప్పు. ఇంగ ఏమీ చెప్పకపోయినా."

"వాడూ అదే అన్నాడు."

"ఎవురు?"

"దేవరాజులు. ఆయమ్మ ఎప్పుడన్నా వస్తే, అప్పుడికప్పుడే పోయినాడని చెప్పక్కా అన్నాడు. అంతకు మించి నోరు తెరవద్దు, నన్ను దొంగనే అనుకోనీ, నాకేం కొత్తా అన్నాడు. నా చేత ఒట్టేయించుకున్నాడు."

"అంతకు మించి ఏముండాదక్కా చెప్పేదానికి?"

"ఏమీ లేదు. నువ్వు పో తల్లీ. బస్సెళ్ళిపోతాది."

"పోను. ఏముండాది?"

"పాపా, దీనికి నెల దినాలుగా మతి సరిగ్గా లేదు. నువ్వు పట్టించుకోవద్దు."

"అన్నా, నువ్వుండు. అక్కా, నా పక్క చూడు. వచ్చినప్పటి నుంచి ఒగసారి గూడా నా మొగం చూడలేదు నువ్వు. వాడు ఏమని అరస్తా ఉండాడు ఆ వీడియోలో?"

"పాటేసినారు గదా తల్లీ."

"నువ్వు పక్కనే ఉండినావు. నీకి పాట లేదు."

"మజ్జిగ ఇంగా తాగనే లేదు నువ్వు."

"ఏమని అరిచినాడక్కా?"

"మనిసని."

"ఏ మనిషి?"

"మనిసుండాడు, కట్టె దించక్కా, లోపల మనిసుండాడు అని. నేను కోళ్ళ కత మాదిరే అనుకున్నా తల్లీ. నన్ను పక్కకి పంపిచ్చి బాక్సు లాక్కోని పోతాడు అనుకున్నా. ఒగటేసినా. పోలా. ఇంగొగటి బలంగా ఏసినా. చుట్టూ ఉండేవాళ్ళు సబాషన్నారు. నాకి గూడా బాగుండింది, అబద్ధమెందుకు. ఆనక పొద్దుగుంకేదాకా ఆడే కూర్చుండినా కాపలా. ఒగ బాక్సు గూడా కదలనియ్యలా. వాళ్ళని దోచుకోనిచ్చుంటే కింది దాకా ఖాళీ అయ్యుండు. రోంత చెవి పెట్టి ఇన్నా బాగుండు. ఇనలా. టీ తెప్పిచ్చుకోని తాగినా."

"గంగులూ! ఏందే ఇది? నాకి గూడా చెప్పలేదే?"

"శాలువా కప్పినారని నువ్వు మురిసిపోతా ఉంటివి గదయ్యా. ఎట్ల చెప్పేది?"

"లేదు, లేదు. అక్కా, నువ్వు పొరబడినావు. వాడు బాక్సు పట్టుకోనుండినాడు. నేను చూసినా. వెయ్యిసార్లు చూసినా, పెద్దది చేసి చూసినా. చెయ్యి లోపల పెట్టి బాక్సు లాగతా ఉండాడు. దొంగే వాడు. దొరికిపోయి మాట మార్చినాడు, అంతే. బాక్సే అని చెప్పక్కా. మాఫీ వద్దు నాకి, ఇంగెప్పుడూ అడగను, నీ గడప తొక్కను. వాడు పట్టుకోనుండింది బాక్సే అని చెప్పు, చాలు."

"బాక్సు గాదు తల్లీ. నీ మొగుడు వాడి చెయ్యి పట్టుకోనుండినాడు, గట్టిగా. దెబ్బ పడినా వాడు ఇడిపించుకోలా. నేనే కొట్టి ఇడిపించినాను."