ఓబులేసుకి బదులు జహాంగీర్

అది తొంభై ఆరు చలికాలం. తెలిసినవాళ్ళింట్లో, సెలవురోజైన శుక్రవారం ఆరాధన ముగించుకుని సాలమన్ నేరుగా దోహా పారిశ్రామిక వాడ సనాయాలోని గులాం నబీ టీ కొట్టుకి వచ్చాడు. సాలమన్‌ది నరసాపురం పక్క. రాస్ లఫాన్‌లో ఒక కట్టుబడి కంపెనీకి టైమ్‌కీపరు. ఒకసారి కోతలు మొదలుపెట్టాడంటే ఆపడం అతని తరం కూడా కాదు. ఆ రోజు బల్ల మీద ఇంజనీరు సుధాకరరావుగారి పక్కన ఓబులేసు కూర్చుని ఉన్నాడు. రెండేళ్ళ కిందట, బేస్‌బాల్ జట్టు కోసమని, పక్క క్యాంపు కొరియా కంపెనీకి సాలమన్ ఇచ్చేసిన కడప కుర్రాడు అతనే. సాలమన్ వాణ్ణి అమ్ముకున్నాడని అప్పట్లో క్యాంపంతా అన్నారు. ఆ తర్వాత ఓబులేసు మళ్ళీ కనపడటం ఇదే. సాలమన్ అతణ్ణి చూశాడు, గొంతు సవరించుకున్నాడు, మొహం మాత్రం సుధాకరరావుగారి వైపు తిప్పుకున్నాడు.

"సాలమన్ గారూ, ఇవాళ తేలిపోవాలి," అన్నారు సుధాకరరావుగారు. "బంగారంలాంటి కుర్రాణ్ణిచ్చి ఆ ముసలి జహాంగీర్‌ని తెచ్చుకున్నారు కదా. కలిసొచ్చిందా, లేదా?"

"కలిసొచ్చిందా అంటారేంటండి బాబూ! ముందు ఆ ఆటేంటో మీకు తెలియాలి. మా అమెరికా మేనేజరుగారికి బేస్‌బాల్ పిచ్చండి. మన బిళ్ళంగోడే అనుకోండి, బిళ్ళకి బదులు బంతి, కర్రకి బదులు రోకలి. ఒకడు విసురుతాడు, ఒకడు బాదుతాడు, బాదినోడు మూడు మూలలూ చుట్టి బయల్దేరిన చోటికి వచ్చాడంటే ఒక పరుగు. నన్ను పిలిచి, సాలమన్, మనుషుల సంగతి నీకు తెలిసినట్టు ఇంకెవడికీ తెలీదు, జట్టు నువ్వే చూడు అన్నాడు. ఓబులేసు విసిరేవాడు. అబద్ధం ఎందుకండీ, బాగా విసిరేవాడు. కానీ పిందె. వాడు పండేసరికి మన వీసాలు అయిపోతాయి. అంచేత నేనేం చేశానంటే, కొరియా మేనేజరుని కూర్చోబెట్టి, ఒకే ఒక్క టీ తాగించి, పిందెనిచ్చి పండు పట్టుకొచ్చేశాను. జహాంగీర్! పెషావర్ పఠాను, క్రేన్ ఆపరేటరు, ఆరున్నర అడుగుల మనిషి. పాపం ఆ కొరియా ఆయన నెల్రోజులు అన్నం ముట్టలేదంట."

"గా టీ నా దుకాణంలదేనా సాబ్?" అన్నాడు గులాం నబీ పాలు తిప్పుతూ. అతనిది జగిత్యాల.

"నీదైతే బేరం చెడిపోయేదయ్యా, ఉండు. మొదటి ఆట. జహాంగీర్ బాదాడు. బంతి ఫెన్సింగు దాటి, రోడ్డు దాటి, అటుగా పోతున్న నీళ్ళ ట్యాంకరు మూతలో గుభీమని పడింది. హోమ్ రన్ అంటారు దాన్ని. ఒక్క ఓబులేసుకి ఒక్క హోమ్ రన్. అక్కడికే బేరం గిట్టుబాటు అయిపోయింది. ఇక్కణ్ణుంచి వచ్చిందంతా కొసరే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? రెండో ఆట. సరిగ్గా అదే టైముకి అల్ షహానియాలో ఒంటెల పందెం. మావాడు కొట్టిన బంతి పోయి పోయి, అన్నిటికంటే వెనకాల నడుస్తున్న ఒంటె వీపు మీద పడింది. ఆ ఒంటె ఉలిక్కిపడి ముందున్న పధ్నాలుగింటినీ దాటేసి మొదటొచ్చేసింది!"

"రాస్ లఫాన్ నుంచి షహానియా డెబ్బై కిలోమీటర్ల పైమాటండీ," అన్నారు సుధాకరరావుగారు.

"అవునండీ. ఆ రోజు గాలి అటే ఉంది."

ఓబులేసు నవ్వలేదు. రెండు చేతుల్తో గ్లాసు పట్టుకుని వింటున్నాడు. సాలమన్ ఓరగా అతణ్ణి చూసి గొంతు ఇంకాస్త పెంచాడు.

"మూడో ఆటలో బంతి సముద్రం దాటి ఇరాన్‌లో పడింది. వాళ్ళ కస్టమ్స్ వాళ్ళు ఎంత నిక్కచ్చి మనుషులండీ! ఈ వస్తువుకి వీసా లేదు అని ముద్ర కొట్టి వెనక్కి పంపించారు. నాలుగో ఆట మరీ ఘోరం. నిట్టనిలువుగా లేపాడు. అందరం మెడలెత్తి చూస్తున్నాం, రాదే! మూడు రోజులు విమానాలన్నీ పక్కనుంచి తిరిగి వెళ్ళాయి. నాలుగో రోజు వాన పడింది, వానతో పాటు బంతీ పడింది. ఈ ఎడారిలో వాన ఊరికే పడుతుందనుకున్నారా? ఇహ చూస్కోండి, అమెరికాలో ఒక పెద్ద జట్టునుంచి ఆఫీసుకి ఫోను. జహాంగీర్‌ని ఇచ్చెయ్యండి, బదులుగా పదకొండు మంది కుర్రాళ్ళనీ, పైన ఒక స్టేడియాన్నీ ఇస్తాం అని. ఏమన్నాను నేను? మాఫీ అన్నాను, అరబ్బీలో లేదు పొమ్మని! స్టేడియం పెట్టుకోడానికి క్యాంపులో చోటేదండీ, బట్టలారేసుకోడానికే లేదు. ఇప్పుడు చెప్పండి, కలిసొచ్చిందా లేదా? అందరూ నన్నేదో కసాయివాణ్ణి చేసి మాట్లాడారు గానీ..."

అక్కడ ఆగాడు. వచ్చిన దగ్గర్నించీ మొదటిసారి ఓబులేసు వైపు తిరిగాడు.

"కలిసొచ్చింది కదరా, ఓబులేసూ?"

ఓబులేసు గ్లాసు కింద పెట్టాడు.

"అన్నా, జహాంగీర్ చాచా పోయిన నెల మా క్యాంపుకే తిరిగొచ్చినాడు. ఆయప్పకు ఆ ఆటే తెల్దంట. పొడుగున్నాడని నిలబెట్టినారంట. ఏడు ఆటల్లో కర్రకు ఒక్క బంతి కూడా తగల్లేదని ఆయప్పే చెప్పి నవ్వినాడు."

గులాం నబీ ఫక్కున నవ్వాడు. "అంటే, ఆ రోజుల్లో గాలి..." అని సాలమన్ ఏదో అనబోయాడు.

"ఉండన్నా, చెప్పనీ. నువ్వు ఏ కొరియా ఆయనకూ టీ తాపలేదు, బేరం చెయ్యలేదు. మన అమెరికా దొర నిన్ను పిల్చి, ట్రేడ్ ఓబులేసు, అన్నాడు. వాళ్ళ ఆటలో ట్రేడ్ అంటే మనిషికి మనిషిని మార్చుకునేది. మనకు ట్రేడ్ అంటే ఏంది? బొంబాయిలో ఏజెంటు అడగల్యా, నీ ట్రేడ్ ఏంది, మేసనా, కార్పెంటరా అని? నువ్వు అదే అనుకున్నావు. ఏ ట్రేడ్ సార్ అని అడిగినావు. దొరికిన దాంట్లో బెస్టుది చూడు అన్నాడు ఆయప్ప. నువ్వు పోయి కాగితంలో నా పేరు ముందర హెల్పర్ తీసేసి వెల్డర్ అని టైపు చేసినావు. సాయంత్రం మెస్సులో అందరికీ చెప్పుకుంటా తిరిగినావు, మా ఓబులేసు ట్రేడ్ మారింది, వానికి ఇంక సిమెంటు మూటలు మోసే పని లేదు అని. మార్పు దొరలే మాట్లాడుకున్నారు, తెల్లారి నన్ను తీసుకపోను కొరియా బస్సు గేటు కాడికి వచ్చేదాకా నీకు సంగతే తెల్దు."

సాలమన్ తలెత్తలేదు. ఓబులేసు అతని వైపే చూస్తూ చెప్పాడు.

"బస్సు ఎనకాల నువ్వు పరుగెత్తినావు. నో సార్, రాంగ్ ట్రేడ్ సార్ అని అరుస్తా వచ్చినావు. నేను ఎనక సీట్లోంచి చూసినా. ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదంటావా? కాగితంలో వెల్డర్ అని ఉండె, నాకేమో కడ్డీ పట్టుకునేది కూడా రాదు. ఆ ఫోర్‌మన్ తిట్టుకుంటానే నేర్పించినాడు. వెల్డింగ్ పరీక్ష పాసయినాకనే నీకు మొగం చూపించాల అనుకున్నా. మొన్న పాసయినా. నీ జట్టు సంగతి నాకు తెల్దన్నా, నాకు మాత్రం కలిసొచ్చింది."

జేబులోంచి వెల్డర్ కార్డు తీసి చేతికిచ్చాడు. సాలమన్ దాన్ని దగ్గరగా పెట్టుకుని చూశాడు, వెనక్కి తిప్పి చూశాడు, మళ్ళీ ముందుకు తిప్పాడు.  

"ఏడు ఆటలూ ఓడిపోయాం రా," అన్నాడు చివరికి. "ఆట పోతే పోయింది. చేతులారా నిన్ను పంపించేశానని ఏడుపొచ్చేది. నువ్వు తిడతావని భయం వేసి నేనే అటు రాలేదు. మెస్సులో నా పక్క చోట్లో ఎవడు కూర్చున్నా, అది ఓబులేసుది, లేవరా అనేవాణ్ణి."

"ఎన్నాళ్ళు?" అన్నారు సుధాకరరావుగారు.

"ఏడాది పొడుగునా అన్నానండీ."

"గిది గూడ కోతనేనా, సాబ్?" అన్నాడు గులాం నబీ.

"కాదు భాయ్," అన్నాడు ఓబులేసు. "ఆ ఏడాదంతా అన్న ఆ చోట్లోంచి లేపింది జహాంగీర్ చాచానేనంట."