లింగన్న సెగ చూపిన బంతులు

ఆగాగు శ్రీజా, గా బంతికి సూది పెట్టకు బిడ్డా. స్టోర్ల పాత బంతులన్నిటి గాలి తీసి డబ్బలెయ్యమన్నరా? ఎయ్యి, ఎన్నైన ఎయ్యి. నా బస్సు అద్దంకాడున్న ఇది మాత్రం మీ లిస్టులకు రాదు. ఎందుకంటవా? కూసో మరి, ప్లేయర్లు బయటికొచ్చేటాళ్లకు ఇంక అర్ధగంట పడ్తది. చాయ్ తాగుతవా? ఫ్లాస్కుల ఉన్నది. చక్కెర జర ఎక్కువుంటది, మీ చాచికి మాత్రం చెప్పకు.

ఇది రాజలింగు బంతి. లింగన్న అంటుంటిమి. నువ్వొచ్చెవరకే పాయె ఆయన. మాది మెట్‌పల్లి గద, ఆయనది ఆ పక్కూరే. తాతల సంది డప్పులు చేసేటోళ్లు. ఆయన చెయ్యి చూస్తె నువ్వు భయపడుదువు, చిన్నప్పుడు తోలు గీకి గీకి, ఈడ దుబాయ్‌కొచ్చినంక ఇరవయ్యేండ్లు సిమెంటు మోసి మోసి, అరచెయ్యి గరుకు కాగితం లెక్కుండె. షేక్‌హ్యాండిస్తె నా చెయ్యి మండేది, ఒట్టు! కరోనాల కంపెనీ మూతవడి సోనాపూర్ లేబర్ క్యాంపు రూంల ఐదు నెలలు ఒట్టిగనే కూసున్నడు. నేనే ముదీర్, అదే అప్పటి మేనేజర్, కాళ్లావేళ్లావడి మన టీం బట్టలుతికే పనిల పెట్టిచ్చిన. అప్పుడు మన క్రీక్ క్యామెల్స్ సంగతేందనుకున్నవ్? పది ఆటలాడితె పదీ ఓడిర్రు. అమెరికోళ్ల ఫుట్‌బాల్ నాకేం తెలుసు చెప్పు, పేరుకు ఫుట్‌బాల్, కాలుతోని తన్నేది తక్కువ, చేతులతోని విసిరేది ఎక్కువ. మనోళ్లు విసిరితె పక్కకు వోతుండె, పడితె జారుతుండె. నేను బస్సుల కూసోని నవ్వుతుంటి, అల్లా మాఫ్ చెయ్యాలె.

గా ఎండకాలం ముదీర్ మీటింగ్ పెట్టిండు. ఆయన గొంతు నీకు తెల్వదు, ముక్కులకెళ్లి మాట్లాడుతడు. "సునో సబ్ లోగ్! ఈ ఏడు గూడ గిట్లనే అయితె టీం ఖలాస్. డ్రైవర్, వంటాయన, ధోబీ, అందరి వీసా క్యాన్సల్!" అని చెప్పి పోయిండు. లింగన్న మొఖం సున్నం కొట్టినట్టయింది. "హుస్సేన్ భాయ్, మల్ల గా రూంల కూసునుడు నాతోని కాదు" అన్నడు. అంతే అన్నడు పాపం.

ఇగ ఆటలు మొదలైతయనంగ అమెరికాకెళ్లి డబ్బల కొత్త బంతులొచ్చినయి, ఇరవై నాలుగు. దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్కుల మన స్టోరున్నది గద, ఆడ దించిన్రు. లింగన్న ఒకటి పట్టి చూసిండు. నున్నగ, మైనం పూసినట్టు, జర్రున జారుతున్నది. "థూ, గిదేం తోలే! పచ్చి తోలు పంపిన్రు నా కొడుకులు" అన్నడు. ఎవ్వలినన్న అడగాలెనా వద్దా? అడగలే! అన్నిటినీ తడిబట్టతోని తుడిచిండు, మిద్దెమీద ఎండకు వరుసగ పెట్టిండు. ఆనంక కిచెన్ ఎనుక బొగ్గులు రాజేసి, డప్పుకు సెగ చూపిచ్చినట్టు ఒక్కొక్కదానికి సెగ చూపిచ్చుకుంట, అరచేతుల నడుమ వెట్టి రుద్దుడే రుద్దుడు. మూడు దినాలు! నేను పోయి చూసేటాళ్లకు ఇరవై నాలుగు బంతులు గోధుమ రంగు పోయి నల్లగైనయి, పొగ వాసన. "లింగన్నా, ఒక్కో బంతి నీ నెల జీతమే! క్యాన్సల్ చేస్తరు నిన్ను!" అన్న. ఆయనకు అప్పుడు సోయొచ్చింది. ఏం చేసిండనుకున్నవ్? వాషింగ్ మెషిన్ ఎనుక దాక్కున్నడు! యాభై రెండేండ్ల మనిషి!

కోచ్ సాబ్ వచ్చిండు, ఆరున్నరడుగులుంటడు. "హూ డిడ్ దిస్?" అని గట్టిగ అరిచిండు, స్టోరంత దద్దరిల్లింది. గప్పుడు బంతి విసిరేటోడు, మార్కస్ అని నల్లటి పిలగాడు, నవ్వుకుంట ఒకటి అందుకొని ఇసిరిండు. సుయ్యిమని పోయింది. ఆ కొసకున్నోడు ఒక్క చేతితోని పట్టిండు, చేతికి అతుక్కున్నట్టు! ఇంకోటి ఇసిరిండు. ఇంకోటి. కోచ్ మల్ల అరిచిండు, "హూ డిడ్ దిస్?" అని, కాని ఈసారి పెండ్లిల కేక లెక్కుండె. మెషిన్ ఎనుకకెళ్లి లింగన్నను ఎత్తుకొచ్చి భుజాల మీద కూసోవెట్టుకున్నడు. లింగన్న ఏడుస్తున్నడు, "సాబ్ మాఫ్ కరో, సాబ్ మాఫ్ కరో" అని. హహ! ఇగ చూడు, ఆ ఏడు ఒకటి గెలిచిన్రు, మల్లొకటి గెలిచిన్రు, తొమ్మిది గెలిచి ఫైనల్‌కొచ్చిన్రు! ఈ ఆటల ఏ టీం బంతులు ఆ టీమే తెచ్చుకుంటది, గదే మనకు కలిసొచ్చింది. పేపరోళ్లు ఫోన్లు, టీవోళ్లు ఫోన్లు. నేను బస్సుకు పూలదండేసిన, జరిమానా గూడ కట్టిన.

ఫైనల్ ఆదివారం పగటీలి. టికెట్లు మిగిలినయని ముదీర్ సోనాపూర్ క్యాంపుకు ఉత్తగ పాసులిచ్చిండు. నేను మూడు ట్రిప్పులేసిన. మనోళ్లు, బీహారోళ్లు, బెంగాలోళ్లు, సుట్టి దినం గద, ఇస్త్రీ అంగీలేసుకొని వచ్చిన్రు. ఆట ఇంక ముప్పావుగంటుందనంగ అవతలి మరీనా టీమోళ్లు రెఫరీకి కంప్లైంటిచ్చిన్రు, "వీళ్ల బంతులు పొగ వాసనొస్తున్నయి, ఏదో జిగురు పూసిన్రు" అని. రెఫరీ తెల్లటి ముసలాయన, బంతి మూతికాడ వెట్టుకొని వాసన చూసిండు. "ఏం పూసినవ్?" అంటె లింగన్న, "నీళ్లు, సెగ, చెయ్యి. ఇంకేం లేదు సాబ్" అన్నడు. నేనే ఇంగ్లీషుల చెప్పిన. ముసలాయన నమ్మలే. ఆటకు తెచ్చిన మన పన్నెండు బంతులు గుంజుకొని, లీగోళ్ల డబ్బలున్న కొత్తయి ఇచ్చిండు. జిగురని తేలితె గెలిచినయన్ని కొట్టేస్తమన్నడు. ముదీర్ లింగన్న దిక్కు ఒక్క చూపు చూసిండు, ఆ చూపుల విమానం టికెట్ కనవడ్డది నాకు.

గప్పుడు లింగన్న ఏం చేసిండో తెలుసా? కొత్త బంతులు సంకలేసుకొని సక్కగ క్యాంపోళ్లు కూసున్న మెట్లకాడికి పోయిండు. "భాయియోఁ, జర హాత్ లగావ్!" అన్నడు. అంతే! ఇటుకలు మోసిన చేతులు, ఇనుము వంచిన చేతులు, వందయాభై మంది. ఒక్కొక్కడు పది సార్లు రుద్దుడు, పక్కోనికిచ్చుడు. కిందికెళ్లి మీదికి, మీదికెళ్లి కిందికి. పాటలు! ఈలలు! రెఫరీ ఎనుకనే నిలవడి కన్నార్పకుంట చూసిండు. అర్ధగంటకు బంతి పట్టిండు, నున్నదనం పోయింది, పట్టొచ్చింది. జిగురు లేదు, పొగ గూడ లేదు. ముసలాయన లింగన్న అరచెయ్యి తిప్పి, బొటనవేలితోని రాసి చూసిండు. "ఓకే" అన్నడు. కంప్లైంట్ కాయితం మడిచి జేబులేసుకున్నడు. ఆ ఓకేకు పడ్డ చప్పట్లు ఫైనల్ మొత్తంల పడలే బిడ్డా!

కప్పా? కప్పు రాలే. ఆఖరు బంతి మనోడు పట్టనే పట్టిండు, కాని కాలు జానెడు గీత బయటవడ్డది, పట్టింది చెల్లలే. మూడు పాయింట్లతోని పాయె. అయితేంది? లింగన్న ఖాళీ నీళ్ల క్యాను బోర్లేసి దరువు మొదలువెట్టిండు, సోనాపూరంత ఆడింది, మార్కస్ ఆడిండు, ముదీర్ గూడ కాలు కదిపిండు! టీం నిలవడ్డది. నీ నౌకరి గూడ గా దరువు మీదనే ఉన్నది, యాదుంచుకో. మార్కస్ గా ఆఖరు బంతి, ఇదే, లింగన్న చేతుల వెట్టిండు.

ఆ మరుసటేడు సుట్టి మీద ఊరికి పోయేటప్పుడు దీనికి గట్టిగ గాలి కొట్టి ఈడ వెట్టిండు. "హుస్సేన్ భాయ్, నేనొచ్చెవరకు మెత్తవడనియ్యకు" అన్నడు. పన్నెండో దినం ఆయన కొడుకు ఫోన్ చేసిండు. గుండె ఆగిందని.

నొక్కి చూడు. మెత్తవడ్డది గద? పంపు నా సీటు కిందనే ఉన్నది. రోజు తీస్త, కొట్టకుంటనే మల్ల పెడ్త. నేను కొడితె, అండ్ల ఆయన కొట్టిన గాలి ఏది, నేను కొట్టిన గాలి ఏది…

అగో, వస్తున్నరు ప్లేయర్లు. ఆ సూది జేబులేసుకో బిడ్డా. తలుపు కాడికెళ్లి లే, యల్లా.