పైకీ, కిందికీ

హలో… ఆ, నేనే. నీ చెల్లెలి ఫోన్ ఇంకెవరెత్తుతారు?

…బయట ఉన్నా. …గుమ్మం బయట కాదు, బస్సెక్కి వచ్చేంత బయట.

…ఒక్కదాన్నే. తప్పిపోలేదులే.

…పిల్లలు లేచారా? లేస్తే పాలు కలిపివ్వు. నీ పిల్లలేగా. చిన్నది మూతున్న గ్లాసైతేనే తాగుతుంది. అది కూడా నేనే చెప్పాలా?

…నా గొంతు ఇవాళ ఇలాగే ఉంటుంది.

…లాండ్రీ వెనక గేటు దగ్గర. అవును, హోటళ్ళ దుప్పట్లు ఉతికేదే. పోయిన వారం నాతో ఒక పూట పని చేయించి చూశారే, అదే.

…వాళ్ళు నన్నొద్దన్నారని ఎవరు చెప్పారక్కా? నువ్వే.

…ఆగు, ముందు నే చెప్పేది విను. ఆ రోజు నాతో దుప్పటి రెండో కొస పట్టుకుని మడతలు పెట్టిన పొడుగామె నిన్న కూరగాయల షాపులో కనపడింది. ఎందుకు రానన్నావని అడిగింది. ఈ దేశం భాషలో నాకొచ్చిన నాలుగు ముక్కల్లో ఆ ముక్క ఉంది, నీ ఖర్మ.

…నేనెప్పుడు రానన్నాను? సోమవారం నుంచి వస్తావా అంది సూపర్‌వైజరమ్మ. తల ఊపా. మనమెలా ఊపుతాం? అటొకసారి, ఇటొకసారి… అదే, అలాగేనండీ అన్నట్టు. వీళ్ళకది రానన్నట్టు కనపడిందట. పొడుగామె చేతిలో బుట్ట కింద పెట్టి మరీ నాలాగే ఊపి చూపించింది. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

…అంతవరకూ నా తప్పే. నీ మీదికి తోస్తున్నానా? కానీ సూపర్‌వైజరమ్మకి అనుమానమొచ్చి ఇంటికి ఫోన్ చేసిందట కదా. నీ నంబరుకి. …చేసిందా, లేదా?

…చెప్పు.



…ఓహో, నా మంచికా?

…చలికి ఆగలేనని. బస్సులు తెలీవని. సబ్బునీళ్ళలో చేతులు పాడైపోతాయని. మరి నీ ఇంట్లో గిన్నెలు ఏ పన్నీటితో తోముతున్నానే?

…తీసుకొచ్చింది నువ్వే, కాదన్నానా? గదిచ్చావు, కడుపునిండా తిండి పెట్టావు. కానీ నా నోరు నీ దగ్గరే పెట్టుకున్నావు. పళ్ళ డాక్టరు నొప్పెక్కడని అడిగితే నువ్వే చెప్పావు. నేను నోరు తెరుచుకుని ఊ ఊ అంటూనే ఉన్నా, ఆయన పక్క పన్ను గీకి పంపించాడు.

…నవ్వకు. నవ్వించడానికి చెప్పలేదు.

…నేను పనికెళ్తే పిల్లల్నెవరు చూస్తారా? ఇప్పటికి బయటపడింది అసలు మాట. అదే నన్ను అడిగుంటే సాయంత్రం పని ఇమ్మని బతిమాలుకునేదాన్ని. నీ పిల్లలంటే నాకు ప్రాణం, అది నీకూ తెలుసు. అయినా అడగలేదు. నా బదులు రాదని చెప్పేశావు. వారమంతా నా ఎదురుగా కూర్చుని అన్నం తిన్నావు.

…నాకు కడుపు మండుతోంది, అంతే. ఇంకేం లేదు.

…ఉండు, గేటు తీశారు. సూపర్‌వైజరమ్మే.

…ఏదో అడుగుతోంది. …తెలీదు, గబగబా మాట్లాడుతోంది. …ఫోన్ ఆవిడకిమ్మంటావా? ఎందుకు, ఇంకోసారి చెప్పడానికా?

…ఊపుతున్నా. పైకీ, కిందికీ. మెడ పట్టేసినా సరే.

…నవ్వుతోంది. లోపలికి రమ్మంటోంది.

…ఏడవకక్కా. నువ్వేడిస్తే నేను కరిగిపోతానని నీకు చిన్నప్పట్నుంచీ తెలుసు.

…సోమవారం నుంచి ఇంకొక్క వారం పనికెళ్ళకుండా పిల్లల దగ్గరుండమంటావా? …ఉండను. …ఆ ఒక్క వారం కూడా ఉండను.

…నీకు కనపడదు గానీ, మళ్ళీ తల ఊపుతున్నా. అడ్డంగా. దీనికి మాత్రం అక్కడా ఇక్కడా ఒకటే అర్థం.

పెట్టేస్తున్నా.