హకీం రుష్దీ ఇచ్చిన నకలు

ఏదీ, ఆ మొదటి ముక్క మళ్ళీ చదువు. రోగి వివరం రాసిపెట్టడం లోకానికి నేర్పింది మన అరబ్బు హకీములే అనా? బాగుంది తల్లీ. కాలేజీలో చదువు, చప్పట్లు కొడతారు. ఇదే అలెప్పోలో ఆ పని చేసినవాణ్ణి ఏం చేశామో మాత్రం రాయకు. ఎవరంటావేంటి, హకీం రుష్దీ కయ్యాలీ. ఊఁ, ఆయనే. మీ అమ్మ ఆ పేరు వింటే ఇప్పటికీ ఉమ్మేస్తుంది, తెలుసు. పొట్టి మనిషి, కోటు జేబులో ఎప్పుడూ కార్బన్ కాగితం. ఏం రోగమో, ఏం మందో రాసి, నకలు ఇంటివాళ్ళ చేతిలో పెట్టేవాడు. ఎందుకయ్యా ఇది అని నేనంటే, ‘వెయ్యేళ్ళ నాటి పద్ధతి అబూ నాదిర్. మనిషి పోతే దీన్ని పెద్ద హకీం దగ్గరికి పట్టుకుపో. తప్పు నాదో కాదో ఆయన తేలుస్తాడు’ అనేవాడు. తన ఉరితాడు తనే పంచుతున్నాడని మీ అమ్మమ్మ నవ్వేది.

ఆవిడే జ్వరంతో ఆస్పత్రిలో పడింది. పెన్సిలిన్ ఈమెకు పడదు, ఇవ్వొద్దని గీత గీసి మరీ రాశాడు హకీం. మర్నాడు సూపరింటెండెంటు వచ్చి, చీటీ చూడకుండా అదే సూది పొడిపించాడు. పావుగంట. అంతే. సాయంత్రానికి ఆస్పత్రి చీటీ మారిపోయింది, పెన్సిలిన్ రాసింది హకీమేనని. ఇక మిగిలింది నా దగ్గరున్న నకలొక్కటే. టీ తాగు, చల్లారిపోతోంది. మా తమ్ముడప్పుడు జైల్లో ఉన్నాడులే, ఏదో కరపత్రాల గొడవ. సూపరింటెండెంటు మనిషి పరామర్శకొచ్చి, చేదు కాఫీ తాగి, ‘మీ తమ్ముడు కులాసానా?’ అన్నాడు. ఇంకేం అనలేదు. విచారణకి ముగ్గురు పెద్ద హకీములు కూచున్నారు. హకీం నావైపు చెయ్యి చూపించి, ‘నకలు ఆయన దగ్గరుందండీ’ అన్నాడు. ఎంత ధీమానో. కాగితం నా చొక్కా లోపలే ఉంది. అలాంటిదేదీ ఇవ్వలేదన్నాను.

తమ్ముడు వారంలో ఇంటికొచ్చాడు. హకీం ఉద్యోగం పోయింది. ఆ తర్వాత ఆ ఆస్పత్రిలో నకలు ఇచ్చినవాడు లేడు, ఎందుకిస్తాడు. మీ అమ్మకి ఆరేళ్ళు. అమ్మని ఎవరు చంపారు నాన్నా అంటే హకీం పేరే చెప్పాను. బజార్లో మూలికల కొట్టు పెట్టుకున్నాడు పాపం. ఒకసారి తప్పించుకోలేక ఎదురుపడ్డాను. తిడతాడనుకున్నా. సోంపు పొట్లం కడుతూ, తలెత్తకుండా, ‘దాన్ని మాటిమాటికీ మడవకు, మడత దగ్గర అక్షరాలు పోతాయి’ అన్నాడు.

ఆ నకలు ఇప్పటికీ నా గడ్డం కత్తి పెట్టె అడుగున ఉంది. పెన్సిలిన్ అన్న మాట మడతలో పడలేదు. వద్దు, తియ్యకు. మెట్ల మీద మీ అమ్మ చెప్పుల చప్పుడు. చక్కెర ఎంత పోశావేంటి దీంట్లో.