సెనేటరమ్మకు ఓర్విల్ పోసిన కాఫీ

హాల్విక్ ఊళ్ళో మోకాళ్ళ లోతు మంచు పడ్డ రోజున కూడా తలుపులు తెరిచి ఉండేవి రెండే. ఒకటి చర్చి, రెండోది ఆర్డిస్ కాఫీ హోటలు. చర్చిలో నిజాలు చెప్పాలి కాబట్టి ఓర్విల్ టాంగెన్ పొద్దున్నే హోటలుకే వచ్చేవాడు.

ఆ పొద్దున అతని మీద పెద్ద బరువే ఉంది. ఊళ్ళో మాజీ సైనికుల కోసం ఉన్న చిన్న ఆసుపత్రిని మూసేస్తామని పైనుంచి కబురొచ్చింది. అది పోతే పెద్దాసుపత్రికి మూడు గంటల ప్రయాణం, అదీ మంచులో రోడ్డు కనబడితే. హోటలు నడిపే ఆర్డిస్ మొగుడు సెల్మర్ యుద్ధంలో నడుము విరగ్గొట్టుకొచ్చిన మనిషి. కార్లో అరగంట కూర్చోలేడు. మధ్యాహ్నం ఈ చుట్టుపక్కల ఊళ్ళోనే పుట్టి పెరిగిన సెనేటర్ బ్రెక్కె బడి ఆటల హాలుకి వస్తోంది. పల్లెల గోడు, సైన్యం సంగతులు, యుద్ధాలు చేసొచ్చిన వాళ్ళ బాగోగులు, ఇవన్నీ ఆవిడ చూసే పనులే. ఆవిడ ముందు ఊరి తరఫున మాట్లాడ్డానికి సైనికుల సంఘం ఓర్విల్‌ని ఎంచుకుంది. ఎందుకంటే మిగిలిన వాళ్ళకి నోరు లేదు. ఓర్విల్‌కి ఉన్నదే నోరు.

"నాకు భయమేంటి? ఆవిడ నాకు పాత పరిచయమే!" అంటూ అతను కౌంటరు ముందు స్టూలెక్కాడు.

కాఫీ పోస్తున్న ఆర్డిస్ చెయ్యి ఆగింది. 'దేవుడా, అక్కడా కోతలు మొదలుపెడతాడు కాబోలు' అనుకుంది.

"ఎప్పట్నించి పరిచయం?" అన్నాడు ఆసుపత్రి వ్యాను నడిపే లేలండ్.

"మొన్న మొన్నటి చలికాలం నించీ. మా చేను పక్క కాలవలో ఆవిడ కారు దిగబడింది. ట్రాక్టరేసుకెళ్ళి, గొలుసు కట్టి లాగేశా. అంతే."

"జరిగుండొచ్చు."

"జరిగుండొచ్చేంటయ్యా, జరిగింది! కాకపోతే నా ఊపుకి కారుతో పాటు కాలవ కూడా లేచొచ్చేసింది. ఇప్పుడెళ్ళి చూడు, అక్కడ కాలవుందా?"

"లేదు. ఎప్పుడూ లేదు."

"అదే కదా చెప్తున్నా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆవిడ నా ట్రాక్టరెక్కి కూర్చుని, ఓర్విల్ గారూ, మన గోధుమ చేల కింద సైన్యం పాతిన క్షిపణులు తుప్పు పట్టాయా అని అడిగితే వాళ్ళు మాట దాటేస్తున్నారండీ అని వాపోయింది. దానికి వాళ్ళెందుకమ్మా అని నేను అదే గొలుసు ఒక క్షిపణికి కట్టి, చక్కెర దుంప పీకినట్టు పీకి చూపించా. తుప్పు లేదు గానీ, వేళ్ళు తన్నేసింది."

"సైన్యం జనరల్ ఊరుకున్నాడా?"

"ఊరుకోవడమా! విమానమేసుకుని వచ్చి మా కొట్టం ముందు దిగాడు. ఎవడు పీకిందన్నాడు. నేనే, ఏం చేస్తావన్నా. ఏటేటా ఈ ఇనప గొట్టానికి రంగేయిస్తావు, నువ్వు పంపిన చోటికల్లా వెళ్ళొచ్చిన వాడి మోకాలికి మందు పూయడానికి మాత్రం ఈ ఊళ్ళో ఒక గది లేదంటావా అన్నా!"

ఓర్విల్ పిడికిలి కౌంటరు మీద పడింది. కప్పులు గలగలమన్నాయి. ఆ ఒక్క మాట మాత్రం ఎక్కడో లోపల్నించి వచ్చిందని ఆర్డిస్‌కి తెలిసింది.

"అంతే, జనరల్ భోరుమన్నాడు. కన్నీళ్ళు చలికి గడ్డకట్టి గుండెల మీద పతకాల్లా వేలాడితే, అవి తీసి నాకే తగిలించాడు. ఇంక ఆవిడా నేనూ ట్రాక్టర్ మీదే రాజధానికి వెళ్ళిపోయాం. సెనేటు మెట్ల మీద గేరు కూడా మార్చలేదు. మధ్యాహ్నం భోజనాల వేళకి మన ఆసుపత్రి చట్టం పాసైపోయింది!"

"మరి ఇప్పుడు మూసేయడమేంటి?"

"మన గాలి సంగతి తెలీదా? ఆ కాగితం ఎగిరి కెనడాలో పడింది. సరే, తిరిగొచ్చాక ఆవిణ్ణి మా వంటింట్లో కూర్చోబెట్టి, కాఫీ తాగుతారా అన్నా. ఇవ్వండి అని కప్పు చాపింది..."

హోటల్లో కప్పులన్నీ కిందికి దిగాయి. మూలన అట్లు తింటున్నాయన కూడా నమలడం ఆపాడు.

ఇక్కడ ఆ చుట్టుపక్కల ఊళ్ళ మర్యాద ఒకటి చెప్పుకోవాలి. ఏది పెట్టినా మొదటిసారి "వద్దండీ" అనాలి. రెండోసారి "మీకెందుకండీ శ్రమ" అనాలి. మూడోసారి అడిగితే "సరే, ఒక్క గుక్క" అని కప్పు నిండా తాగాలి. ప్రాణం పోతున్నా ఈ వరస తప్పరు.

"ఒక్కసారి అడగ్గానే తీసుకుందా?" అంది ఆర్డిస్.

"ఆఁ... దాహంగా ఉన్నట్టుంది."

"కాలవ లేచొచ్చిందంటే సరేననుకున్నా. క్షిపణి వేళ్ళు తన్నిందంటే ఊరుకున్నా. కానీ బ్రెక్కె వాళ్ళ పిల్ల ఒక్క మాటకే కాఫీ తీసుకుందా? వాళ్ళమ్మ పురిటి మంచం మీద కూడా మంచినీళ్ళకి రెండుసార్లు వద్దందయ్యా! ఆ సెనేటరమ్మని నువ్వసలు చూశావా?"

నవ్వులతో కిటికీ అద్దాలు అదిరాయి. ఓర్విల్ టోపీ తీసి దాని అంచు నలిపాడు. "చూశా. ఊరేగింపులో. వెనకనించి."

ఆర్డిస్ నవ్వలేదు. "సెల్మర్ నడుము నీ చేతిలో పెడుతున్నా ఓర్విల్. అక్కడ కాలవ వద్దు, కన్నీటి పతకాలు వద్దు. ఆ మోకాలి మాట ఒక్కటీ చెప్పు. అది నీదే కదా."

అతను తన కుడి మోకాలు నిమురుకున్నాడు. "నాదే."

"ఆవిడ కుదరదంటే?" అన్నాడు లేలండ్.

ఓర్విల్ టోపీ పెట్టుకుని లేచాడు. మోకాలు టక్కుమంది.

"అననీ. బ్రెక్కె వాళ్ళ పిల్ల కదా. మొదటిసారి కుదరదనే అంటుంది. రెండోసారీ అంటుంది. మూడోసారి అడిగేదాకా నన్ను ఆ హాల్లోంచి బయటికి లాగే ట్రాక్టర్ ఈ దేశంలో లేదు."

ఈ మాటకి మాత్రం ఎవరూ నవ్వలేదు. లేలండ్ వ్యాను తాళాలు తీసుకుని లేచాడు.