రెండో జవాబు

క్వారీ గేటు పక్క టీ బంకులో లెక్కల మేస్త్రీ నోరు విప్పాడంటే ఎదుటివాడి టీ చల్లారాల్సిందే. రాతికి మందు పెట్టి పేల్చడం ఆయన పని, వర్గ సమీకరణం ఆయన గొప్ప. మెడలో ఈల, చేతిలో సుద్దముక్క. ఆ పూట బల్ల చివర ఆయన బావమరిది కూర్చున్నాడు, రాళ్ళకి బెజ్జాలు వేసే డ్రిల్లరు. పది రోజుల కిందట ఇదే క్వారీలో అతని తమ్ముడు రాయి పడి చనిపోయాడు. లోపల ఎంత మండుతున్నా, అక్క మొగుడు కదా అని మాట్లాడకుండా వింటున్నాడు.

"మొదట్లో చిన్న పనేలే," అన్నాడు మేస్త్రీ. "రాయి ఎక్కడ పడుతుందో లెక్కగట్టి నేలమీద సున్నా చుట్టా. సరిగ్గా సున్నాలోనే పడింది. అక్కడితో ఆగిందా? ఓనరు నమ్మలేదు. ఆయన టీ గ్లాసే పట్టుకెళ్ళి రెండొందల గజాల అవతల పెట్టా. గులకరాయి ఎగిరొచ్చి గ్లాసులో పడింది, చుక్క ఒలకలేదు!"

"పంచదార కూడా కలిపిందా?" అన్నాడు లారీ డ్రైవరు.

"నవ్వు, నవ్వు. ఈ సమీకరణం రాళ్ళకే అనుకున్నావా? వంతెన కమాను వంపు ఇదే, నీ లారీ హెడ్‌లైటు గుంట ఇదే. ఒకసారి నాకు జవాబు మైనస్ రెండు వచ్చింది. కాలానికి మైనస్ అంటే ఏంటో చెప్పు? పేల్చడానికి రెండు సెకన్ల ముందే రాయి పడిందన్నమాట! వెళ్ళి చూద్దును కదా, నేనింకా మీట నొక్కనే లేదు, రాయి అక్కడ కూర్చునుంది, చెయ్యి పెడితే వేడి!"

"అయితే మందు మిగిలింది," అన్నాడు బంకతను.

"ఇంకోసారి వర్గమూలం లోపల మైనస్ తేలింది. అలాంటి జవాబుకి నేలమీద చోటెక్కడ? ఆ రాయి పడనే లేదు. ఆరేళ్ళయింది, ఇంకా పైనే తిరుగుతోంది. విమానాలు పక్కకి తప్పుకుని పోతున్నాయి!"

అందరూ నవ్వారు, డ్రిల్లరు తప్ప.

"అందుకే మిగతా క్వారీల్లోలా జనాన్ని షెడ్డులో అరగంట కూర్చోబెట్టను. పేలిన మూడో సెకనుకి ఈల వేస్తా, బయటికొచ్చి పని చూసుకోవడమే. ఇరవై ఏళ్ళలో ఒక్కడికి గీత పడలేదు. మా చిన్న బావమరిదంటారా, వాడు ఉత్త ఆత్రగాడు. ఈల వెయ్యకముందే బయటికి ఉరికాడు. విచారణలోనూ అదే రాయించా."

డ్రిల్లరికి తెలుసు. తమ్ముడు ఈల విన్నాకే లేచాడు. "పద అన్నయ్యా" అన్నాడు. తను బూటు లేసు కట్టుకుంటూ వెనకబడ్డాడు గనక బతికాడు. అక్క చేతులు పట్టుకుని ఏడిస్తే విచారణలో నోరెత్తలేదు. అందుకు తనమీద తనకే అసహ్యంగా ఉంది.

"బావా, ఆ రోజు లెక్క ఒకసారి వెయ్యి."

"ఇప్పుడెందుకురా?"

"వెయ్యి బావా. పేల్చింది గొయ్యి అడుగున. మా షెడ్డున్న గట్టు ముప్పై అయిదు మీటర్ల పైన."

లెక్క అడిగితే ఊరుకునే మనిషి కాదాయన. బల్లమీద సుద్దతో గీశాడు. "ఎక్స్ స్క్వేర్, మైనస్ ఎనిమిది ఎక్స్, ప్లస్ ఏడు, ఈక్వల్ టు సున్నా. జవాబు ఒకటి. ఒక్క సెకనులో రాయి గట్టు ఎత్తు దాటిపోతుంది. మూడుకి ఈల."

"ఎప్పుడూ రెండు జవాబులుంటాయని నాకు నేర్పింది నువ్వే. పైకి పోయేటప్పుడు ఒకసారి గట్టు ఎత్తుకొస్తుంది. మరి దిగేటప్పుడు?"

సుద్దముక్క ఆగింది. "ఆ రెండోది... అది పనికొచ్చేది కాదురా. కొట్టేస్తాం. ఎంతొస్తుందో కూడా నేనెప్పుడూ చూడలేదు."

"చూడలేదా?"

"ఒట్టు."

డ్రిల్లరు అరచేత్తో బల్లని ధబీమని చరిచాడు. గ్లాసులు గలగలమన్నాయి. "పేలింది. ఒకటి. రెండు. మూడు, నీ ఈల. నాలుగు, తమ్ముడు లేచాడు. అయిదు, పద అన్నయ్యా అన్నాడు. ఆరు..."

అతను తర్వాతి అంకె పలకకముందే లెక్కల మేస్త్రీ రెండు చేతులతో తల కప్పుకుని బల్ల కిందికి వంగిపోయాడు.

"ఏడు. రెండో జవాబు," అన్నాడు డ్రిల్లరు. "మా వాడు ఆత్రపడలేదు బావా."