సప్పిడి తపేలా లెక్క

ఏటమ్మా, మళ్ళీ అడుగు? రేపు నీ ఏడో తరగతి పిల్లలకి బార్ గ్రాఫు సెప్పాలా? తాత జీడిపిక్కల్తో సెప్పీవోడట, అదెలాగా అంటావా? ఆ ఫోను కాస్త దగ్గరగా ఎట్టు, మాట సరిగ్గా పడాల. నాలాంటి లెక్కల మాస్టారు ఈ ఉద్దానంలో మళ్ళీ పుట్టడు మరి.

నేను ఎక్కాలు సెప్తంటే పలాస స్టేషన్లో రైలు కదిలీది కాదు, తెలుసునా? డ్రైవరు పదహారో ఎక్కం దాకా వినీసి అప్పుడు కూత ఏసీవోడు. నవ్వకు. సరే, ఆగీది కాదనుకో, నెమ్మదిగా ఎల్లీది. అది మాత్రం నిజవే.

పుస్తకంలో బార్ గ్రాఫంటే ఏటుండీది? ఎంతమందికి మామిడిపళ్ళు ఇష్టం, ఎంతమందికి అరటిపళ్ళు ఇష్టం. మా గుంటలు ఆవలించీవోరు. ఓ రోజు పుస్తకం మూసీసి, "ఒరే, మీకేటి లెక్కెట్టాలనుందిరా?" అన్నాను. ఎనక బల్ల మీంచి ఒకడు లేచాడు. "మన ఊళ్ళో కిడ్నీ జబ్బోళ్ళని లెక్కెడదాం మాస్టారూ. మా నాన్నతో మొదలెట్టండి" అన్నాడు.

అయితే ఎవుడు సెప్తాడమ్మా? ఇంట్లో ఆ జబ్బుందంటే పిల్లనివ్వరు, పిల్లని సేసుకోరు. తలుపు తట్టి అడిగితే "మాకేటి, దుక్కల్లా ఉన్నాం" అంతారు. అప్పుడు పనిసేసింది సూడు మీ తాత బుర్ర! కలెక్టరుకి తట్టని ఉపాయం. జబ్బు మాటే ఎత్తొద్దు, పొయ్యి మీద కూర తపేలాలెన్నో సూసి రండి అన్నాను. ఆ జబ్బోళ్ళకి ఉప్పు తగ్గించీమంతారు కదా డాక్టర్లు. ఇంటిల్లిపాదికీ ఒక తపేలా, ఆళ్ళకి సప్పిడిది ఇంకో తపేలా. రెండు తపేలాలున్న ఇంటికి ఒక జీడిపిక్క. ఎవరిల్లో పేరు సెప్పొద్దు, ఆ వీధి వరసలో పిక్క ఎట్టీసి ఎల్లి కూకోండి అన్నాను. అప్పట్లో బస్తా పిక్కలు ఇప్పటి సినిమా టిక్కెట్టుకి వచ్చీవి... సరే, అది వేరే సంగతి.

బడి అరుగు మీద వరసలు పెరిగిపోతన్నాయి. పెద్దవీధి వరస పాములా సాగింది. "పెద్దవీధే పాపిష్టిది" అన్నారు గుంటలు. పైడమ్మని ఒకర్తుండీది, సూదిలాంటి పిల్ల. "కాదు మాస్టారూ, పెద్దవీధిలో ఇళ్ళే ఎక్కువ. వందిళ్ళకి ఎన్నని సూస్తే మా సముద్రం వైపు వీధే ఎక్కువొస్తాది" అన్నాది. శాతాలు పుట్టింది ఎందుకో ఆ రోజు నా పిల్లలకి తెలిసింది. ఎవరికీ సంతోషం కలగనేదు గానీ, తెలిసింది.

మా వీధి వరసలో మాత్రం ఒక్క పిక్కా నేదు. నాకు గర్వం. అరుగు మీద నిలబడి, సెయ్యెత్తి, "సూడండర్రా మాస్టారి వీధి! సున్నా!" అన్నాను. పైడమ్మ లేచొచ్చి ఆ ఖాళీలో ఒక పిక్క ఎట్టింది.

"ఒలే, తప్పెట్టావు. ఎవరిల్లది?"

"పేరు సెప్పొద్దన్నారు కదండీ."

"నా వీధి, నాకు తెలీదేటి? సెప్పు."

తల దించీసింది. "మీదే మాస్టారూ. మజ్జిగకొచ్చినపుడు అమ్మగారు పులుసు రుచి సూడమన్నారు. ఉప్పు మర్చిపోనారనుకున్నాను. ఇంకోపాలి ఎల్లినా అలాగే. పక్కన ఇంకో తపేలా ఉంది, మీదంట."

నేను ముందు తినీసి బడికెళ్ళిపోతాను, ఆవిడ ఎనక తింతాది. మన ఇళ్ళల్లో అంతే కదమ్మా. ఆవిడ కంచంలో ఏటుందో నాకేటి తెలుసు?

ఇంటికెళ్ళాను. పరిగెత్తానంటాననుకున్నావా? నేదు, దారిపొడుగునా ఇళ్ళు లెక్కెట్టుకుంటా నడిచాను. మీ అమ్మమ్మ చింతపండు పిసుకుతన్నాది. నా మొహం సూసీసరికే తెలిసిపోనాది. "చిన్నదాని సంబంధం తేలీదాకా ఊరుకుందావనుకున్నాను" అన్నాది, మీ పిన్ని గురించి. అంతే.

"ఇప్పుడే ఎల్లి ఆ పిక్క తీసెస్తాను. సిన్నపిల్ల కదా, తప్పు సూసిందని సెప్తాను."

"పైడమ్మ అబద్దం సెప్పిందంతారా?" అన్నాది. "ఆ పిల్ల ఇంక మీ దగ్గర ఏ లెక్క నేర్సుకుంటాది? ఉండనీండి దాన్ని."

ఉండనిచ్చాను. ఆ గ్రాఫుని అట్ట మీదకెక్కించి గ్రామసభలో నేనే సదివాను. మా వీధి దగ్గరకొచ్చేసరికి గొంతు పట్టీసింది. పలాస రైలుని ఆపిన గొంతు అది! పైడమ్మే లేచి మిగతాది సదివింది. ఆ జబ్బు నీళ్ళ వల్లేననీవోరు కదా, మంచినీళ్ళ కుళాయి వచ్చింది, వచ్చిందిలే, చానా ఆలస్యంగా. మీ పిన్ని సంబంధవా? తప్పిపోతాదనే అనుకున్నాం. వియ్యంకుడు వచ్చి అరుగు మీద కూకుని, "బావగారూ, మా ఇంట్లోనూ రెండు తపేలాలే" అన్నాడు. ఇద్దరం నవ్వాం. నవ్వుతానే ఏడ్చీసాం.

మీ అమ్మమ్మ ఆ తర్వాత ఎన్నాళ్ళో ఉండనేదు.

నువ్వు వండినపుడల్లా నా కూరలో ఉప్పెయ్యొద్దంటాను కదా, బీపీ అని సెప్తాను కదా. నాకు బీపీ ఏటమ్మా, ఏనుగులాగున్నాను. ఆవిడ ఒక్కర్తీ వంటింట్లో కూకుని అన్నాళ్ళు సప్పిడి తిన్నాది. నేను పక్కగదిలో కూకుని పులుసు అదిరిందన్నాను. ఇప్పుడు తోడు తింతన్నాను. బాగోదు. అస్సలు బాగోదు.

రేపు నీ పిల్లల్ని ఏటి లెక్కెట్టాలనుందో ముందు అడుగు తల్లీ. ఆళ్ళు సెప్పింది బరువుగా ఉన్నా లెక్కెట్టు. నీ ఇంట్లో ఎప్పటికీ అందరికీ ఒకే తపేలా ఉడకాల, ఉప్పు సరిపడా పడాల... సాలు, ఆ ఫోను ఆపీ.